రంపపు పొట్టు, ప్లాస్టిక్కు: ఒక రసాయన బంధుత్వం

కొండపల్లి బొమ్మకు చేతులు, కాళ్ళు అతికించేది ‘మక్కు’తో. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. పిండి జిగురై పట్టి ఉంచుతుంది. పొట్టు ఆ జిగురుకు దృఢత్వాన్నిస్తుంది. నేటి చెక్క-ప్లాస్టిక్ మిశ్రమాలకు మూలసూత్రం కూడా ఇదే.

1907లో బేక్లండ్ కనుగొన్న ఫీనాల్-ఫార్మాల్డిహైడ్ రెసిన్ స్వతహాగా పెళుసు. సన్నని చెక్కపొడిని చేర్చి ఆ లోపాన్ని సవరించారు. 1930 దశకంలో సిడ్నీలో ఏ.డబ్ల్యు.ఏ. సంస్థ తయారుచేసిన ‘రేడియోలెట్’ రేడియోల పెట్టెలు ఈ బేకలైట్‌తో అచ్చువేసినవే. అయితే ఒకసారి గట్టిపడిన బేకలైట్ మళ్ళీ కరగదు.

కరిగించి అచ్చుపోయదగిన ప్లాస్టిక్కులలో చెక్కను కలపడానికి రెండు అడ్డంకులున్నాయి. మొదటిది వేడి. చెక్క సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటితే మాడనారంభిస్తుంది. కనుక 165 డిగ్రీల దగ్గర కరిగే పాలీప్రొపిలీన్, 130 దగ్గర కరిగే పాలిథిలీన్ వంటివే పనికివస్తాయి; నైలాన్ వంటివాటితో కష్టం. పొడిని ముందుగా బాగా ఆరబెట్టాలి. లేనిచో తేమ ఆవిరియై వస్తువులో బుడగలు మిగులుతాయి.

రెండవది వైరుధ్యం. చెక్కలోని హైడ్రాక్సిల్ సమూహాలు నీటిని ప్రేమిస్తాయి. పాలీప్రొపిలీన్ నూనె వంటిది. వీటికి మధ్యవర్తి, మాలియిక్ ఎన్‌హైడ్రైడ్ అతికించిన పాలీప్రొపిలీన్. దాని ఒక భాగం చెక్కతో బంధమేర్పరచుకొనగా, పొడవైన గొలుసు ప్లాస్టిక్కులో పెనవేసుకుంటుంది.

ఫలితమెట్లుంటుంది? 40 శాతం చెక్కపొడి కలిపిన పాలీప్రొపిలీన్ దృఢత్వం సుమారు 1.5 నుండి 3.9 గిగాపాస్కళ్ళకు పెరుగుతుంది. కాని తన్యతా బలం 28 నుండి 25 మెగాపాస్కళ్ళకు తగ్గుతుంది! మధ్యవర్తిని 3 శాతం చేర్చినప్పుడు అది 32కు చేరుతుంది. దెబ్బను ఓర్చే శక్తి మాత్రం శుద్ధ ప్లాస్టిక్కుతో పోల్చితే అనేక రెట్లు తక్కువే. దృఢత్వం, బలం, ఓర్పు మూడు వేర్వేరు గుణాలని పాఠకులు గమనించాలి.

ఆస్ట్రేలియాలో వాడిన పాలసీసాల పాలిథిలీన్‌తో పైన్ చెక్క వ్యర్థాన్ని కలిపి చేసిన ‘మోడ్‌వుడ్’ పలకలు పెరటి డెక్కులకు వాడుకలోకి వచ్చాయి. ఇటువంటి పలకలు ఎండకు వ్యాకోచిస్తాయి. ఎడతెగని బరువుకు మెల్లగా వంగుతాయి. కనుక పలకల మధ్య సందు వదలాలి, క్రింది దూలాలను దగ్గరగా అమర్చాలి. ఇల్లు మోసే దూలానికి బదులుగా వీటిని వాడరాదు.

వ్యర్థం వస్తువుగా మారడం సంతోషమే. దాని హద్దులెరిగి వాడినప్పుడే అది మరల వ్యర్థం కాకుండా చిరకాలం నిలుస్తుంది.