వడిసెల రాయి ఎటు పోతుంది?

వడిసెల మనందరికీ తెలుసు కదా. జొన్న చేను కంకి పట్టినప్పుడు మంచె ఎక్కి చిలకల్ని తోలేది. అందులో తిరిగే రాయి మీద ఏ బలం పని చేస్తుందో చెప్తాను.

కదిలే వస్తువు మీద ఏ బలమూ లేకపోతే అది తిన్నగానే పోతుంది. న్యూటన్ 1687లో తన పుస్తకంలో రాసిన మొదటి నియమం ఇదే. కాబట్టి రాయి గుండ్రంగా తిరగాలంటే ప్రతి క్షణం దాన్ని లోపలికి, అంటే మన చెయ్యి వైపుకి లాగుతూ ఉండాలి. ఆ పని తాడు చేస్తుంది. దీన్నే అభికేంద్ర బలం అంటారు. ఇది కొత్త రకం బలమేమీ కాదు. వడిసెలకి తాడు బిగువు, చంద్రుడికి భూమి ఆకర్షణ. (రాయిని భూమి కిందికి లాగేది కూడా ఉంది, అది ఇప్పుడు పక్కన పెడదాం.)

మరి చెయ్యి బయటికి గుంజినట్టు ఉంటుందేం? మా క్లాసులో అందరం ఇదే అడిగాం. గుంజేది మన చేతిని, రాయిని కాదు. ఒకటే తాడు, ఆ కొసన రాయిని లోపలికి లాగుతుంది, ఈ కొసన చేతిని బయటికి లాగుతుంది. రాయి లెక్కలో చేతి మీది బలం కలపకూడదు. ఇది రెండుసార్లు చదవండి.

ఒక కొస వదలగానే లాగే బలం పోతుంది. అప్పుడు రాయి తాడు చాపిన వైపుకి పోదు, ఆ క్షణంలో ఎటు కదులుతుందో అటే పోతుంది. అదే స్పర్శరేఖ. అందుకే చిలకల వైపుకి రాయి రావడానికి పావు చుట్టు ముందే వదలాలి. మా అమ్మ బడికి పోలేదు, స్పర్శరేఖ అంటే తెలీదు, కానీ సరిగ్గా అక్కడే వదులుతుంది. కొంచెం ఆలస్యమైతే రాయి పక్కకి పోతుంది. అందుకే చిన్నపిల్లల్ని పక్కన నిలబడనియ్యదు.

రాయి 100 గ్రాములు, తాడు 1 మీటరు, వేగం సెకనుకు 10 మీటర్లు అనుకోండి. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి వ్యాసార్ధంతో భాగిస్తే 10 న్యూటన్లు. అంటే దాదాపు కిలో బియ్యం తాడుకి వేలాడినట్టు. వేగం రెట్టింపైతే 40 న్యూటన్లు, నాలుగు కిలోలు! పాత తాడు పుటుక్కున తెగేది ఇందుకే.

ఘాట్ రోడ్డు మలుపులో బస్సుకి తాడు లేదు. టైర్లకీ రోడ్డుకీ మధ్య ఘర్షణే దాన్ని లోపలికి తిప్పుతుంది. వానకి రోడ్డు తడిస్తే ఘర్షణ తగ్గుతుంది, డ్రైవరు నెమ్మదిగా తిప్పాల్సిందే. అప్పుడు మనం పక్కవాళ్ళ మీద పడతాం చూడండి, ఎవరూ తొయ్యరు. బస్సు మళ్ళింది, మన ఒళ్ళు ఇంకా తిన్నగా పోతోంది, అంతే.