ఫోను పొట్ట ఎందుకు ఉబ్బింది?



కిందటి వేసవిలో, ఒంటిపూట బడులు జరుగుతున్న రోజుల్లో, తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, "మాస్టారూ, ఒక్కసారి దీన్ని చూస్తారా?" అంటూ ఒక మొబైల్ ఫోను చూపించాడు. అది వాళ్ళమ్మది. ఇంట్లో ఉన్న ఫోను అదొక్కటే. వెనక మూత ఒక పక్కన బియ్యపు గింజంత మందాన పైకి లేచి ఉంది. "పనయితే బాగానే చేస్తోంది. గట్టిగా నొక్కి రబ్బరు బ్యాండు వేస్తే మళ్ళీ అతుక్కుంటుందేమో మాస్టారూ" అన్నాడు.

నేను దాన్ని నెమ్మదిగా తీసుకుని, స్విచ్ ఆఫ్ చేసి, కాగితాలకూ కర్ర బల్లలకూ దూరంగా వరండాలో నీడన సిమెంటు గచ్చు మీద పెట్టాను. "రాత్రిళ్ళు దీన్ని ఎక్కడ చార్జింగ్ పెడతావురా?" అని అడిగాను.

"దిండు కింద మాస్టారూ. తెల్లవారుజామున అలారం వినపడాలి కదా!"

సంగతి సగం అక్కడే తెలిసిపోయింది. మిగిలిన సగం ఈ పాఠంలో చూద్దాం. ఆ కుర్రవాడు అనుకున్నట్టు రబ్బరు బ్యాండు బిగించి ఉంటే ఆ ఫోను అంటుకుని ఉండేదేమో కూడా! ఎందుకో తెలియాలంటే ముందు బ్యాటరీ లోపలికి వెళ్ళాలి.

అరచేతిలో ఎంత శక్తి?

ఈ రోజుల్లో చాలా ఫోన్ల బ్యాటరీ సామర్థ్యం 5000 మిల్లీ ఆంపియర్ గంటలు. అంటే 5 ఆంపియర్ల విద్యుత్తును ఒక గంటసేపు ఇవ్వగలదన్నమాట. గంటకు 3600 సెకన్లు. కాబట్టి దానిలో నుంచి ప్రవహించగల ఆవేశం 5 × 3600 = 18,000 కూలుంబులు. బ్యాటరీ పొటెన్షియల్ భేదం సుమారు 3.85 వోల్టులు అనుకుందాం. ఆవేశాన్ని పొటెన్షియల్ భేదంతో గుణిస్తే శక్తి వస్తుందని మీరు చదువుకున్నారు. 18,000 × 3.85 = 69,300 జౌళ్ళు.

ఇది ఎంతో ఊహకు అందడం లేదా? 50 కిలోల విద్యార్థిని ఒక మీటరు ఎత్తుకు లేపడానికి 50 × 9.8 = 490 జౌళ్ళు కావాలి. ఆ లెక్కన ఈ శక్తి అతణ్ణి 141 మీటర్ల ఎత్తుకు లేపగలదు. ఢిల్లీలోని కుతుబ్ మీనార్ ఎత్తు సుమారు 73 మీటర్లు. దానికి దాదాపు రెండింతలు! ఈ శక్తి రోజంతా కొద్దికొద్దిగా విడుదలైతే మనకు మాటలు, బొమ్మలు, పాటలు. కొద్ది నిమిషాల్లో ఒక్కసారిగా విడుదలైతే మంట.

లోపల ఉన్నదేమిటి?

ఆవర్తన పట్టికలో మొదటి గ్రూపు మీకు గుర్తుందా? హైడ్రోజన్ కింద ఉన్న లిథియం లోహాలన్నిటిలోకీ తేలికైనది. కిరోసిన్ మీద కూడా తేలుతుంది. ఎలక్ట్రాన్‌ను సులువుగా వదులుకుంటుంది. తక్కువ బరువులో ఎక్కువ శక్తి నిల్వ చేయడానికి ఇంతకన్నా అనువైన మూలకం దొరకదు. కాని తేమ తగిలితే చాలు, చర్య మొదలుపెడుతుంది. అంత చురుకైన లోహాన్ని జేబులో పెట్టుకునేలా మచ్చిక చేయడానికి శాస్త్రవేత్తలకు దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది.

1970వ దశకంలో స్టాన్లీ విట్టింగ్‌హామ్ లిథియంతో రీచార్జి చేయగల ఘటాన్ని తయారుచేశాడు. అయితే అందులో లిథియం లోహరూపంలోనే ఉండడం వల్ల అది ప్రమాదకరమైంది. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్, ఆయన సహచరులు ధన ఎలక్ట్రోడుగా కోబాల్ట్ ఆక్సైడు వాడవచ్చునని చూపించారు. 1985లో జపాన్‌కు చెందిన అకిరా యోషినో ఋణ ఎలక్ట్రోడులో లిథియం లోహాన్ని తీసేసి కార్బన్ పదార్థాన్ని వాడాడు. దానితో బ్యాటరీ చాలావరకు భద్రమైంది. 1991లో అది అంగడిలోకి వచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97 ఏళ్ళు!

ఇప్పుడు బ్యాటరీ పనిచేసే తీరు చూడండి. ఒక పక్క లిథియం కోబాల్ట్ ఆక్సైడు వంటి ధన ఎలక్ట్రోడు. మరో పక్క గ్రాఫైటు. మీ పెన్సిలు ములుకులో ఉండేదీ గ్రాఫైటే. అది పుస్తకంలోని పేజీల్లాగా పొరలు పొరలుగా ఉంటుంది. మధ్యలో విద్యుద్విశ్లేష్య ద్రవం. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ధన ఎలక్ట్రోడు నుంచి బయలుదేరి, ద్రవాన్ని దాటి, గ్రాఫైటు పొరల మధ్య చేరతాయి. ఫోను వాడుతున్నప్పుడు తిరిగి వెనక్కి వస్తాయి. ఎలక్ట్రాన్లు మాత్రం బయటి వలయంలో తిరుగుతాయి. ఉయ్యాల అటూ ఇటూ ఊగినట్టు రోజూ ఇదే ప్రయాణం.

పలచని గోడ

రెండు ఎలక్ట్రోడులూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని సన్నని రంధ్రాల గుండా అయాన్లు పోగలవు గాని, ఎలక్ట్రోడులు కలవలేవు. ఈ పొర మందం సుమారు 20 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. కొన్నిటిలో అంతకన్నా పలచన. ఇంతకు ముందు లెక్కగట్టిన 69,300 జౌళ్ళకూ మన అరచేతికీ మధ్య ఉన్న కాపలాదారు ఇదే.

ఈ గోడకు చిల్లు పడితే లోపల షార్ట్ సర్క్యూట్ అవుతుంది. వేడి పుడుతుంది. వేడి వల్ల రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి. ఆ చర్యలు ఇంకా వేడిని పుట్టిస్తాయి. ఆ వేడికి ప్లాస్టిక్ పొర కరిగి చిల్లు మరింత పెద్దదవుతుంది. ఇక ఆ వరసకు అడ్డుకట్ట ఉండదు. పైగా బాగా వేడెక్కిన కోబాల్ట్ ఆక్సైడు తనలోని ఆక్సిజన్‌ను తానే విడుదల చేస్తుంది. అందుకే బయటి గాలి అందకుండా గుడ్డ కప్పినంత మాత్రాన ఆ వేడి ఆగదు.

2016లో గెలాక్సీ నోట్ 7 అనే ఫోన్లు కొన్ని అంటుకోవడంతో, అమ్మిన ఫోన్లన్నిటినీ ప్రపంచమంతటా వెనక్కి తీసుకోవలసి వచ్చింది. బ్యాటరీ లోపల ఎలక్ట్రోడు అంచు వంగడం, అతుకుల దగ్గర మొనలు తేలడం వంటి చిన్న లోపాలే అందుకు కారణమని తర్వాత జరిపిన పరీక్షల్లో తేలింది. కొత్త బ్యాటరీలో వెంట్రుకవాసి లోపమే అంత పని చేస్తే, ఉబ్బిన బ్యాటరీని బొటనవేలితో నొక్కితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

ఇడ్లీ పిండి చెప్పే పాఠం

మీ ఇంట్లో ఇడ్లీ పిండి చలికాలంలో తెల్లవారే దాకా కూడా సరిగా పులవదు. అదే ఎండాకాలంలో పొద్దు పోయేసరికే పొంగి గిన్నె దాటుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే మార్పులు వేగంగా జరుగుతాయి. బ్యాటరీలోనూ అంతే. అక్కడ మనకు కావలసిన చర్యతో పాటు అక్కరలేని చర్యలు కూడా కొన్ని మెల్లగా జరుగుతూ ఉంటాయి. విద్యుద్విశ్లేష్యం కొద్దికొద్దిగా విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి. బ్యాటరీ సంచి గాలి పోకుండా మూసి ఉంటుంది కాబట్టి ఆ వాయువులకు దారి లేదు. అందుకే ఫోను పొట్ట ఉబ్బింది!

చాలా ఫోన్లను 35 డిగ్రీల సెల్సియస్ లోపు పరిసరాల్లో వాడమని తయారీదారులు చెబుతారు. మన రెంటచింతలలో, రామగుండంలో, విజయవాడలో మే నెలలో నీడన కొలిచినా 45 డిగ్రీలు తగలడం కొత్త కాదు. చార్జింగ్ అవుతున్న ఫోను తనంతట తానే కొంత వేడెక్కుతుంది. దానిపై దిండు పెడితే దూది ఉష్ణబంధకంగా పనిచేసి ఆ వేడిని బయటికి పోనివ్వదు. మన కుర్రవాడి ఫోను నెలల తరబడి ప్రతి రాత్రీ ఆ దుప్పటి కప్పుకుని జ్వరంతో పడుకుందన్నమాట.

కాబట్టి ఈ నియమాలు పాటించండి:

1. పరుపు, దిండు, బట్టల మీద ఫోను చార్జింగ్ పెట్టకండి. గచ్చు మీదో, గాలి తగిలే గూట్లోనో పెట్టండి. మందమైన కవరు ఉంటే తీసేయండి.

2. చార్జింగ్ అవుతుండగా ఆటలు ఆడకండి. రెండు వేడులూ తోడవుతాయి.

3. ఎండలో నిలిపిన కారులో, స్కూటరు డిక్కీలో, పొయ్యి గట్టు మీద ఫోను ఉంచకండి.

4. వేడెక్కిన ఫోనును ఫ్రిజ్‌లో పెట్టకండి. గాలిలోని ఆవిరి లోపల నీటి బొట్లుగా మారుతుంది. నీడలో ఉంచితే చాలు.

5. చార్జరు 230 వోల్టుల విద్యుత్తుకూ మీ చేతికీ మధ్య ఉన్న మరో గోడ. నాసిరకం చార్జరులో ఆ గోడ బలహీనం. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, దానితో పాటు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూసి కొనండి. పైతోలు చిట్లిన తీగను పారేయండి. తడి చేతులతో ముట్టకండి.

నూటికి నూరు కావాలా?

"పూర్తిగా సున్నా అయ్యాకే చార్జింగ్ పెట్టాలి" అని పెద్దలు చెప్పగా మీరు వినే ఉంటారు. అది పూర్వం వాడిన నికెల్-కాడ్మియం బ్యాటరీలకు పుట్టిన సలహా. లిథియం అయాన్ బ్యాటరీకి అది వర్తించదు సరికదా, హాని కూడా. పూర్తిగా నిండినప్పుడు వోల్టేజి ఎక్కువై అక్కరలేని చర్యలు పెరుగుతాయి. పూర్తిగా ఖాళీ అయినా ఎలక్ట్రోడులకు మంచిది కాదు. కడుపు మాడ్చడమూ, గొంతు దాకా తినడమూ రెండూ ఒంటికి పడనట్టే. వీలైనంతవరకు 20 శాతానికీ 80 శాతానికీ మధ్య ఉంచండి. కొన్ని ఫోన్లలో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే ఏర్పాటు కూడా ఉంది. ప్రయాణం రోజున నూరు శాతం నింపుకున్నా ఫరవాలేదు. నెలల తరబడి వాడకుండా దాచే ఫోనులో మాత్రం సగం చార్జి ఉంచండి.

నీళ్ళలో పడితే

స్వచ్ఛమైన నీరు విద్యుత్తును సరిగా ప్రసరింపనివ్వదు. కాని బావి నీటిలో, కుళాయి నీటిలో, చెమటలో లవణాలు ఉంటాయి. తడిసిన ఫోనులో బ్యాటరీ పనిచేస్తూనే ఉంటే విద్యుద్విశ్లేషణ మొదలై సన్నని రాగి దారులు తినేయబడతాయి. అందుకే నీళ్ళలో పడిన ఫోనును తీసిన వెంటనే స్విచ్ ఆఫ్ చేయండి. చార్జింగ్ పెట్టకండి. పొడి గుడ్డతో తుడిచి, చార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని నీరు కార్చి, ఫ్యాను గాలికి ఉంచండి. బియ్యంలో పాతిపెట్టకండి. బియ్యం లోపలి నీటిని లాగలేదు. పైగా తవుడు, నూక ఆ రంధ్రంలో ఇరుక్కుంటాయి. రంధ్రంలో దుమ్ము చేరితే మెత్తని పొడి బ్రష్షుతో దులపండి గాని, పిన్నీసుతో కెలకకండి.

ఉబ్బిన ఫోను కనబడితే

స్విచ్ ఆఫ్ చేయండి. నొక్కవద్దు, పొడవవద్దు, చార్జింగ్ పెట్టవద్దు. మండే వస్తువులకు దూరంగా గచ్చు మీద ఉంచి పెద్దలకు చెప్పండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం దాన్ని ప్రత్యేకంగా సేకరించి శుద్ధి చేయాలి. సర్వీసు కేంద్రంలో గాని, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట గాని ఇవ్వండి. పొగ వస్తే దగ్గరికి పోకండి. ఆ పొగ విషం. చేతికందే దూరంలో ఉంటేనే మెయిన్ స్విచ్ కట్టేసి, అందరినీ బయటికి పంపి, 101కు ఫోను చేయండి.

మీరే చేసి చూడండి

పెద్దల అనుమతితో, 20 శాతం చార్జి ఉన్న ఫోనును చార్జింగ్ పెట్టి ప్రతి 5 నిమిషాలకు శాతం ఎంతో రాసుకోండి. కాలాన్ని అడ్డంగా, శాతాన్ని నిలువుగా తీసుకుని గ్రాఫు గీయండి. గీత మొదట నిటారుగా లేచి, 80 శాతం దాటాక వాలుతుంది. నిండుతున్నకొద్దీ చార్జింగ్ విద్యుత్తును తగ్గించి ఫోను తనను తాను కాపాడుకుంటోందని ఆ వంపు చెబుతుంది.

ఆ కుర్రవాడి సంగతి చెప్పలేదు కదూ! సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చి ఫోనును రిపేరు షాపుకు తీసుకువెళ్ళాడు. బ్యాటరీ మార్చారు. ఫోను ఇప్పటికీ పనిచేస్తోంది. రాత్రిళ్ళు అది గూట్లో ఉంటుందట. తెల్లవారుజామున లేపడానికి వాళ్ళింట్లో ఒక అలారం గడియారం వచ్చింది.

ప్రశ్నలు

1. 4000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీలో ఎన్ని జౌళ్ళ శక్తి ఉంటుంది? వోల్టేజి 3.85 అనుకోండి.

2. ఉబ్బిన బ్యాటరీని ఎందుకు నొక్కకూడదు?

3. ఈ రాత్రి మీ ఇంట్లో ఫోను ఎక్కడ చార్జింగ్ అవుతోందో చూడండి. అది సరైన చోటేనా?