పాలకొల్లు మాండొలిన్: ఒక తీగ, కొంత ఫిజిక్సు

మాండొలిన్ ఇటలీ వాయిద్యం. నాలుగు జతల తీగలు, మెడ నిండా మెట్లు. దానిమీద కర్ణాటక సంగీతమా అని పెదవి విరిచినవారిని నేను తప్పు పట్టను. మన రాగానికి ప్రాణం గమకం. స్వరం ఒకచోట నిలవదు, ఊగుతుంది. మెట్టేమో స్వరాన్ని అక్కడే కట్టేస్తుంది.

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌కు గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, కుర్రాడు తీగమీద పలికించేవాడు. నా దృష్టిలో అసలు కీలకం ఇదే. గొంతును అనుసరించాలంటే తీగ వంగి తీరాలి.

వంగటం ఎంత కష్టమో చూడండి. తీగ పౌనఃపున్యం దాని బిగువు వర్గమూలానికి అనుపాతం. షడ్జం నుంచి చతుశ్రుతి రిషభానికి (9/8 వంతు) లాగాలంటే బిగువు సుమారు 27 శాతం పెరగాలి. చేనికి కంచె లాగినవాళ్లకు తెలుసు, పొడుగు తీగ చేతికి లొంగుతుంది, పొట్టిది మొండికేస్తుంది. మాండొలిన్ తీగ గిటారు తీగలో రమారమి సగమే! పైగా జత తీగలాయె. ఒకటి 440, రెండోది 444 కంపనాలకు చేరితే సెకనుకు నాలుగు విస్పందనాలు వినబడి స్వరం చెడుతుంది.

శ్రీనివాస్ జతలు తీసేసి, ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. మామూలు మాండొలిన్‌లో తీగ తన శక్తిని చెక్కకూ గాలికీ ఇచ్చేసి త్వరగా చల్లారుతుంది. దిట్టమైన చెక్కమీద ఆ నష్టం తక్కువ. తీగ కింద అయస్కాంతం, రాగి చుట్ట. తీగ కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది, మనం ఇంటర్‌లో చదివిన ఫారడే సూత్రమే. స్వరం నిలిచింది కనుక దాన్ని ఊపటానికి వ్యవధి దొరికింది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ. బిరుదుల సంగతి అంతటితో చాలు.

సీతాఫల్‌మండిలో మా గది రైలు పట్టాల పక్కనే. రాక్ సంగీతం తప్ప మరోటి వినని మా రూమ్మేటుకు ఒకనాడు ఈయన ఆలాపన వినిపించాను. "ఒరేయ్, ఏ గిటారురా ఇది?" అన్నాడు. వాడి ప్రశ్న అంత తెలివితక్కువదేం కాదు. రాక్ గిటారులోనూ ఇదే పికప్. వాళ్లు దాన్ని హోరుకు, ధ్వని పగలటానికి వాడుకుంటే, ఈయన సన్నని ఊపుకు వాడుకున్నారు. 1995లో 'డ్రీమ్' అనే ఆల్బంలో ఈయనతో పనిచేసిన కెనడా గిటారిస్టు మైఖేల్ బ్రూక్, స్వరం ఆరకుండా సాగే 'ఇన్ఫినిట్ గిటార్' రూపొందించినవాడు. యు2 బృందంలో ఎడ్జ్ వాయించిందీ అదే. జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' ఆ తర్వాతి మాట.

2014 సెప్టెంబరు 19న, 45వ ఏట, చెన్నైలో శ్రీనివాస్ కన్నుమూశారు. తమ్ముడు రాజేశ్‌దీ అదే వాయిద్యం. మిత్రులు ఈసారి వినేటప్పుడు వేగాన్ని వదిలేసి, మీటిన తర్వాత స్వరం ఎంతసేపు ఊగుతుందో లెక్కపెట్టి చూడండి.