ఎల్లిగడ్డ వెన్నలో నీలకంఠ రొయ్య

అచ్చంపేటకు సముద్రం చాలా దూరం. కోస్తా చెరువుల వనామీ రొయ్య ఐసుపెట్టెల్లో వస్తుంది. మంచినీళ్లలో పెరిగే నీలకంఠ రొయ్య పిల్లల్ని మాత్రం 2017-18 నుంచి తెలంగాణ ప్రభుత్వమే రిజర్వాయర్లలో వదులుతోంది. పొడుగాటి నీలి కొండికాళ్లు, ఒంట్లో సగమనిపించే తల దీని గుర్తులు. 250 రూపాయలు పెట్టి అరకిలో కొంటే ఒలిచాక మిగిలే కండ పావుకిలో లోపే. మిగతా సగాన్ని కూడా గిన్నెలోకి రాబట్టడమే ఈ వంటలోని పనితనం.

ఇంటికి రాగానే తల తీసేయాలి. తలలో పసుపుపచ్చగా కనిపించే గ్రంథిలోని ఎంజైములు చచ్చిన రొయ్య కండను కరిగిస్తుంటాయి. తలతోనే రాత్రంతా ఉంచితే, ఐసులో పెట్టినా సరే, తెల్లారేసరికి కండ మెత్తబడి పట్టు పోతుంది. తల మెలిపెట్టి లాగి, పొట్టు ఒలిచి, తోక రెక్కను మాత్రం ఉంచాలి. వీపు మీద కత్తిమొనతో సన్నగా గీస్తే నల్లటి దారం బయటపడుతుంది. అది పేగు. కొసన పట్టి మెల్లగా లాగితే తెగకుండా వస్తుంది. తలల్లో కళ్ల వెనక ఉండే ఇసుక సంచిని కోసి పారేసి, తలలూ పొట్టూ కడిగి పక్కన పెట్టాలి.

కండకు అర చెంచా ఉప్పు, చిటికెడు పసుపు పట్టించి 10 నిమిషాలు ఉంచాలి. ఆ తర్వాత పొడిగుడ్డతో ఒక్కోదాన్నీ అద్దాలి. తడి ఉంటే రొయ్య వేగదు, తన నీళ్లలోనే ఉడుకుతుంది.

ఈలోపు 12 ఎల్లిపాయ రెబ్బల్ని కత్తితో సన్నగా తరగాలి. రోట్లో దంచితే రసం ఊరి మూకుడుకు అంటుకుని మాడుతుంది.

ఇనుప మూకుడులో 60 గ్రాముల ఉప్పులేని వెన్నను సన్నమంట మీద కరిగించి తలలు, పొట్టు వేయాలి. గరిటెతో నొక్కుతూ 7 నిమిషాలు వేయిస్తే తలలోని కొవ్వు కారుతుంది. పొట్టులోని ఎర్రరంగు నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే వెన్న నారింజరంగుకు తిరుగుతుంది. దాన్ని పలుచటి గుడ్డలో వడకడితే పొట్టుతోపాటు అడుగున చేరిన పాల మడ్డి కూడా పోతుంది. వెన్న మాడేది ఆ మడ్డి వల్లే కాబట్టి ఇక పెద్దమంటకు భయం లేదు.

వడకట్టిన వెన్నను మళ్లీ మూకుడులో వేడిచేసి, రొయ్యల్ని ఒకదానికొకటి తగలకుండా పేర్చాలి. బూడిదరంగు కండ అడుగు నుంచి తెల్లబడుతూ పైకి పాకుతుంది. ఆ తెలుపు సగం ఎత్తుకు రావడానికి 90 సెకన్లు చాలు. అప్పుడు తిప్పేయాలి.

తిప్పగానే మంట తగ్గించి ఎల్లిగడ్డ తరుగు చల్లాలి. ఒక నిమిషానికి పచ్చివాసన పోతుంది. అంచులు ఎర్రబడక ముందే దించాలి. రొయ్య లోపల 60 డిగ్రీలు దాటితే ఉడికినట్టే. నెలవంకలా వంగితే సరైన పాకం, గట్టిగా ముడుచుకుంటే రబ్బరు.

దించాక అర చెంచా మిరియాల పొడి, 20 గ్రాముల చల్లని వెన్న వేసి మూకుడును గుండ్రంగా తిప్పాలి. వడపోతలో పోయిన పాల రుచి ఈ వెన్నతో తిరిగి వస్తుంది. అరచెక్క నిమ్మరసం, గుప్పెడు కొత్తిమీర చివర్న పడతాయి.

100 గ్రాముల వెన్న ప్యాకెట్టు 60 రూపాయల చుట్టూ ఉంటుంది. మిగతా సరుకులకు 20 వేసుకుంటే ఇద్దరికి ఖర్చు 330. ముప్పావుగంట పనిలో రొయ్య పొయ్యి మీద ఉండేది 3 నిమిషాలకు లోపే. అడుగున మిగిలిన వెన్నను జొన్నరొట్టె ముక్కతో తుడుచుకుంటారు. వడకట్టిన పొట్టును రెండు గ్లాసుల నీళ్లలో 15 నిమిషాలు మరిగిస్తే మర్నాటి పులుసుకు నీళ్లు సిద్ధం. ఇక పారేయాల్సింది పిప్పి ఒక్కటే.