స్కానరు కొనబోవు మేనల్లునికి

మచిలీపట్నం

  

అవనిగడ్డలో నీవు మెకానిక్ షెడ్డు తెరచి మూడు మాసములు నిండకముందే రొయ్యల రవాణా పికప్పులు నీ గుమ్మము ముందు వరుసకట్టి నిలుచుచున్నవని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు కలిగిన సంతోషమును నేనింకను అనుభవించుచుండగానే, "బండ్ల కంప్యూటరును చదువు స్కానరు ఒకటి కొనవలెను, సొమ్ము వడ్డీకి తెచ్చెదను, ఏది కొనమందురు మామయ్యా" అని నీవు అడిగిన ప్రశ్న వచ్చినది. వడ్డీ అను మాట చదువగానే నాకు కొంత జంకు కలిగినది. గుడివాడ షెడ్డులలో నలువది సంవత్సరములు డీజిలు ఇంజనుల నడుమ గడపినవాడను గనుక, పనికిరాని పనిముట్టును కొనుటకంటె చేతులు ముడుచుకొని కూర్చుండుటయే మేలని ఎరుగుదును; అయినను నేటి బండ్లకు స్కానరు లేక పని సాగదనుట కూడ సత్యమే గనుక వద్దని చెప్పజాలను. రెండు దినములు ఆలోచించి ఈ ఉత్తరము వ్రాయుచున్నాను, ఓపికతో చదువుము.

దుకాణమునకు పోవుటకు ముందు నీ షెడ్డునకు ఏ బండ్లు వచ్చుచున్నవో ఒక నోటుబుక్కులో నెలదినములు వ్రాసి చూడుము. నాగాయలంక చెరువుల నుండియు, కోడూరు దారి నుండియు ఐసు పెట్టెలతో వచ్చు బొలేరో పికప్పులెన్ని, టాటా ఏసులెన్ని, అశోక్ లేలాండ్ దోస్తులెన్ని. వానిలో పాతకాలపు మెకానికల్ పంపుతో నడచునవెన్ని, ఇంజెక్టర్లన్నిటికి ఒకే గొట్టము నుండి అధిక పీడనమున డీజిలు పంపు కామన్ రైలువి ఎన్ని, 2020 ఏప్రిల్ 1వ తేదీన బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చిన తరువాత తయారైనవెన్ని. మెకానికల్ పంపు బండిలో స్కానరుతో మాట్లాడుటకు కంప్యూటరే లేదు. అట్టి బండ్లే నీకు ఎక్కువగా వచ్చుచున్నచో, మంచి స్పానర్ల సెట్టును కొనుక్కొని మిగిలిన సొమ్ము దాచుకొనుము. కామన్ రైలు బండ్లలో స్టీరింగు క్రింద 16 పిన్నుల పోర్టు కనబడును గాని, పోర్టు ఒకే రూపమున ఉన్నంత మాత్రమున అన్నియు ఒకే భాష మాట్లాడునని భ్రమపడకుము. కొన్ని 7వ పిన్ను మీద కే-లైను అను ఒంటి తీగతో మాట్లాడును. కొన్ని 6, 14 పిన్నుల జంట తీగలపై క్యాన్ పద్ధతిలో మాట్లాడును. పాత బండ్లలో కొన్ని తమ కంపెనీ వారి సొంత పద్ధతికి తప్ప మరి దేనికిని బదులు పలుకవు. అందుచేత "అన్ని బండ్లకు పనిచేయును" అని పెట్టె మీద అచ్చువేసిన మాటకు విలువ లేదు. లారీల సంగతి ఇప్పుడు తలపెట్టకుము. చాలవరకు 24 వోల్టుల కరెంటు, తరచుగ వేరు ప్లగ్గు, వేరు పద్ధతి కలిగిన ఆ ప్రపంచమునకు పరికరము కూడ వేరే కావలెను.

లోపము తోచినప్పుడు బండి కంప్యూటరు నమోదుచేయు కోడుల విషయమున ఒక భేదమును బాగుగ గుర్తుంచుకొనుము. పీ అక్షరముతో మొదలగునవి ఇంజనుకును గేరుబాక్సుకును, సీ ఛాసిస్సుకును, బీ బాడీకిని, యూ కంప్యూటర్ల నడుమ సాగు సంభాషణకును సంబంధించినవి. పీ తరువాత సున్న ఉన్న కోడునకు లోకమంతట ఒకే అర్థము. ఒకటి ఉన్న కోడునకు ఏ కంపెనీ అర్థము ఆ కంపెనీది. వేయి రూపాయలలోపున దొరకు ఎల్మ్ 327 అను బ్లూటూతు ముక్క, అందును విపణిలో నిండియున్న నకలు ముక్క, మొదటి రకపు అర్థమును చెప్పునే గాని రెండవ రకపు అర్థమును తరచుగ చెప్పలేదు. లేదా మరొక కంపెనీ అర్థమును చూపి నిన్ను తప్పుదారి పట్టించును. ఇట్లు తప్పు అర్థము చూపుట, ఏమియు చెప్పకపోవుటకంటె ఎక్కువ హాని. సొంత బండి కలవాడు దానిని జేబులో ఉంచుకొనిన తప్పులేదు, నీవును ఒకటి సొరుగులో ఉంచుకొనవచ్చును; దానినే షెడ్డునకు ఆధారముగ మాత్రము చేసికొనరాదు.

ఇప్పుడు నా మనస్సున చిరకాలముగా ముల్లువలె ఉన్న ఒక సంగతి చెప్పెదను. గుడివాడలో నేనుండగా, కైకలూరు వైపు నుండి చేపల బరువుతో వచ్చు ఒక పికప్పు వంతెన ఎక్కుచున్నప్పుడెల్ల శక్తి చాలక ఒగర్చి, డాష్‌బోర్డున లైటు వెలిగించి, మెల్లగా ప్రాకుచు నా యొద్దకు వచ్చెను. నా చేత అప్పుడు కోడు మాత్రమే చదువగల చిన్న యంత్రమొకటి ఉండెడిది. పీ0087 అని చూపినది. రైలులో ఇంధన పీడనము తక్కువ అని దాని అర్థము. పీడనము తక్కువైనచో పంపు చెడినదని తలచి, యజమానిని ఒప్పించి, హైప్రెషర్ పంపు మార్పించితిని. అతడు భార్య గాజులు తాకట్టుపెట్టి ఆ సొమ్ము తెచ్చెనని తరువాత తెలిసినది. పదిదినములు గడువకముందే బండి మరల వచ్చెను, అదే లైటు, అదే కోడు.

ఈ మారు ఒక మిత్రుని వద్ద నుండి లైవ్ డేటా చూపు స్కానరు ఎరువు తెచ్చి, ఇంజను నడచుచుండగా రైలు పీడనపు అంకెపై దృష్టి నిలిపి, ఎడమచేతితో వైర్ల కట్టను పొడవునా మెల్లగా కదల్చుచు పోతిని. రైలు పీడన సెన్సారు కనెక్టరు దగ్గరకు నా వ్రేళ్లు చేరగానే అంకె ఒక్కసారిగా పడిపోయి మరల లేచినది. కనెక్టరు విప్పి చూచితిని. మూడు పిన్నులలో అయిదు వోల్టులు రావలసిన పిన్ను మొదట, ఆవగింజంత మేర, ఆకుపచ్చని చిలుము. రొయ్యల చెరువు మోటారు పెట్టి, ఆ ఉప్పునీటితోనే ఇంజనుతో సహా బండిని కడుగు అలవాటు అతనికి కలదు. ఆ నీరు రబ్బరు సీలును దాటి లోనికి పోయినది. పావుగంట పని, పది రూపాయల పిన్ను. మార్పించిన పంపులో ఏ దోషమును లేదు. కూలి నేను తీసికొనలేదు గాని, తాకట్టుపోయిన గాజులను నేను తిరిగి తేలేకపోతిని.

నీవున్న దివిసీమలో సముద్రపు గాలియు, చెరువుల ఉప్పునీరును కలిసి ప్రతి కనెక్టరును ఇట్లే తినుచుండును. కోడు చెడిన భాగమును చూపునని జనులు తలచెదరు. నిజమునకు అది కంప్యూటరునకు ఏ సంకేతము అనుమానాస్పదముగ తోచినదో చెప్పునే గాని, దానికి మూలము పంపా, సెన్సారా, తీగయా, నీరు కలిసిన డీజిలా అన్నది చెప్పదు. ఆ శోధన నీ పని. కావున నీవు కొనబోవు స్కానరులో నేను మొట్టమొదట చూడుమని చెప్పునది కోడుల సంఖ్య కాదు, లైవ్ డేటా. కంప్యూటరు కోరిన రైలు పీడనమును, నిజముగ ఉన్న పీడనమును ప్రక్కప్రక్కన చూపవలెను; వీలైనచో గీతగా గీసి చూపవలెను. రాత్రియంతయు నిలిపిన బండికి ఇగ్నిషను మాత్రమే వేసి చూచిన, ఆ అంకె సున్నకు దగ్గరగా నుండవలెను. అట్లు కాక వందల బార్లు చూపినచో ఇంజను త్రిప్పకముందే సెన్సారుదో తీగదో తప్పని తెలిసిపోవును. ఐడిలింగులో చాల బండ్లు సుమారు 250 నుండి 300 బార్ల మధ్య నిలుచును. అంకె కొంత మారవచ్చును గాని, కోరిన దానికిని ఉన్న దానికిని ఎడము పెరుగుచుండుట ఏ బండికైనను చెడు సూచనయే. కోడు పుట్టిన క్షణమున ఇంజను వేగమెంత, వేడి ఎంత, ఇంజనుపై భారమెంత అన్నది దాచియుంచు ఫ్రీజ్ ఫ్రేము కూడ చదువగలదా అని అడుగుము. యజమాని తొందరపెట్టినను, ఆ వివరము వ్రాసికొనకముందు కోడును చెరిపివేయకుము. చెరిపిన వెంటనే ఆ సాక్ష్యమును పోవును.

ఇచ్చట మరొక సంగతి చెప్పక తప్పదు. పాత డీజిలు ఇంజనులలో ఏ సిలిండరు పనిచేయుటలేదో కనుగొనుటకు, ఇంజను నడచుచుండగనే ఇంజెక్టరు పైపు నట్టును స్పానరుతో ఒక్కొక్కటిగా వదులుచేసి శబ్దము మారునో మారదో వినెడివారము. నీవు చిన్నతనమున నా ప్రక్కన నిలిచి చూచినదే. కామన్ రైలు ఇంజనులో ఆ పని కలలో కూడ చేయకుము. వేయి బార్లకు మించగల పీడనముతో సన్నని ధారగా చిమ్మిన డీజిలు చర్మమును చీల్చుకొని మాంసములోనికి పోవును. పైకి చిన్న సూదిపోటువలె కనబడి, లోపల చేయి కుళ్లిపోవును. అట్టిది తగిలిన వానిని క్షణమాలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను. ఆ పాత పరీక్షకు బదులు, ఇంజెక్టర్లను ఒక్కొక్కటిగా ఆపివేసి చూపు పరీక్ష స్కానరులోనే యుండును. సిలిండరు సిలిండరునకు కంప్యూటరు ఎంత ఇంధనము హెచ్చించుచున్నదో తగ్గించుచున్నదో చూపు అంకెలును ఉండును. ఇవి నీ బండ్లకు పనిచేయు స్కానరునే కొనుము. కొంత ధర ఎక్కువైనను వెనుదీయకుము, ఈ ఒక్క విషయమున వడ్డీ సొమ్మైనను సరే. ఇంజెక్టరు లీకును చూచుటకు మాత్రము స్కానరు అక్కరలేదు. రిటర్ను పైపులకు ఇంజెక్టరుకొకటి చొప్పున చిన్న సీసాలు కట్టి, ఏది ముందు నిండునో చూచిన చాలును.

ఇంజెక్టరు మార్చినప్పుడు దాని మీద చెక్కియున్న అక్షరాంకముల కోడును కంప్యూటరున వ్రాయవలసిన బండ్లు కలవు. వ్రాయకున్నచో ఇంజను వణకును, పొగ వదలును, నింద నీ మీద పడును. అట్లే బీఎస్-6 బండ్లలో పొగలోని మసిని పట్టు డీపీఎఫ్ వడపోత కలవానికి, చెరువు గట్ల మీద మెల్లగా తిరిగి తిరిగి మసి నిండిపోయినప్పుడు, స్కానరుతో బలవంతముగ మసిని కాల్పించు పని నీకు తరచుగ వచ్చును. ఆ సమయమున డీపీఎఫ్ లోపలి వేడి సుమారు 600 డిగ్రీలకు చేరును. నీ షెడ్డు ప్రక్కనే వరిగడ్డి వాము ఉన్నదని మీ అమ్మ చెప్పినది. ఆ పనిని ఖాళీ సిమెంటు నేల మీద మాత్రమే, చుట్టును గడ్డిపోచ లేకుండ ఊడ్పించి, దగ్గరనే నిలబడి చేయుము.

పరికరముల విలువ మన మచిలీపట్నమునకు, అనగా బందరునకు, క్రొత్త కాదు. 1926లో ఇచ్చట వెలసిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ శాస్త్ర పరికరములు చేసి పేరొందినది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో చేరినది. అచ్చట పనిచేసిన మా వీధి పెద్దాయన ఒకరు, ఏ కొలత సాధనమునైనను ముందుగ తెలిసిన వస్తువుపై పరీక్షించిన పిమ్మటనే తెలియనిదానికి పెట్టెడివారు. నీవును అట్లే చేయుము. స్కానరు లాంచ్ కంపెనీది కానిమ్ము, ఆటెల్‌ది కానిమ్ము, బాష్‌ది కానిమ్ము, అమ్మువానిని అవనిగడ్డకే రప్పించి, నీ షెడ్డులో బాగుగ నడచుచున్న ఒక బండికిని, చెడిన రెండు బండ్లకును తగిలించి చూపుమనుము. నీ నోటుబుక్కులో ఎక్కువగా కనబడిన మూడు బండ్లకు లైవ్ డేటా, ఇంజెక్టరు కోడింగు, డీపీఎఫ్ పని, ఈ మూడును నీ కన్నుల ముందు జరిగినచో బయానా ఇమ్ము. "అప్‌డేటులో వచ్చును" అన్నచో వచ్చిన పిమ్మటనే రమ్మనుము. ఉచిత అప్‌డేటులు ముగిసిన తరువాత ఏటేట ఎంత కట్టవలెనో, కట్టనిచో ఉన్న పని ఆగిపోవునో సాగునో, కాగితము మీద వ్రాయించి బిల్లుతో సహా తీసికొనుము. సెకండుహ్యాండు టాబ్లెట్టు కొనునప్పుడు, అది మరొకరి పేర నమోదైయుండి తాళము పడునేమో అడుగుట మరువకుము.

పోర్టునకు తగిలించిన వెంటనే స్కానరు వెలుగకున్నచో దానిని నిందింపకుము. 16వ పిన్నున బ్యాటరీ కరెంటు, 4వ పిన్నున ఎర్తు వచ్చుచున్నవా చూడుము, అనేక పర్యాయములు ఫ్యూజే పోయియుండును. అందుకొరకే నా పాత టెస్టు లాంపును, చిలుము గీకు సన్నని బ్రష్షును, రెండు రకముల పిన్నులును ఒక డబ్బాలో పెట్టి రేపటి ఉదయపు బస్సులో పంపుచున్నాను. చల్లపల్లి దాటిన తరువాత కండక్టరునకు ఫోను చేసి, అవనిగడ్డ బస్టాండున దింపించుకొనుము. స్కానరు వచ్చిన దినమున, రాత్రంతయు నిలిపిన మొదటి బండికి ఇగ్నిషను మాత్రమే వేసినప్పుడు రైలు పీడనము ఎంత చూపినదో ఆ అంకెను నాకు వెంటనే తెలుపుము.

ఆశీస్సులతో,
నీ మామయ్య