బడికి వచ్చిన గ్రాంటు – పంచాయతీ కర్తవ్యము

పల్నాటి మిరపచేలలో నీటి విలువ రైతుబిడ్డ లెరుగుదురు. నేలలోని తేమను కొలుచు పరికరమును వారే తరగతిలో తయారుచేసినచో చదువు సేద్యమునకు అక్కరకు వచ్చును. ఇట్టి ప్రయోగములకై 2016లో ఆరంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్, ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఏర్పరచినది. కాని కొన్న సామగ్రి బీరువాలో తాళము క్రింద నున్నచో ప్రయోజన మేమి?

ప్రభుత్వ మిచ్చినను, దాత లిచ్చినను, గ్రాంటు వినియోగమును పరిశీలించు పనిని 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య కమిటీకి అప్పగించినది. అందు కనీసము ముప్పాతికవంతు తలిదండ్రులే. స్థానిక సంస్థల ప్రతినిధులకును స్థానము కలదు. కావున సభ్యులారా! నరసరావుపేట మొదలు గురజాల, మాచర్ల వరకు మన మందరము బడికి పోయి, ఖర్చు లెక్కలతోపాటు పిల్లలు చేసిన పరికరములను గూడ చూపుమని అడుగుదము.