పొలం ఎలుక మూత్రంతో ప్రాణం మీదికి ఎలుక జ్వరం – వరి రైతులు తెలుసుకోవలసిన సంగతులు

ఎలుక అనగానే మనకు గుర్తొచ్చేది కొరికేసిన దుబ్బులూ, బొరియల్లోకి పోయిన వెన్నులూను. ఆ నష్టం కంటికి కనిపిస్తుంది. కనిపించని నష్టం మరొకటి వుంది. ఎలుక, పందికొక్కు, చుంచు మూత్రంలో లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి వుంటుంది. అది మడి నీళ్లలో కలిసి, మనిషి కాలి పుండులోంచి ఒంట్లోకి చేరితే వచ్చేదే ఎలుక జ్వరం.

ఈ జబ్బును 1886లో జర్మనీ వైద్యుడు వైల్ వర్ణించాడు. సూక్ష్మజీవిని 1915లో జపాను శాస్త్రజ్ఞులు పట్టుకున్నారు. మన దేశంలో 1980ల చివర అండమాన్ దీవుల్లో రక్తం కక్కించిన అంతుపట్టని జ్వరం, ఆ తర్వాత పరీక్షల్లో ఇదేనని తేలింది. ముంబైలో 2005 వరదల తర్వాత, కేరళలో 2018 వరదల తర్వాత ఎందరికో సోకింది. ప్రపంచంలో ఏటా సుమారు 10 లక్షల మందికి వస్తుందనీ, దాదాపు 59 వేల మంది చనిపోతారనీ 2015లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

ఎలుకకు ఏమీ కాదు

వింత ఏమిటంటే, ఇంత జబ్బు మోసే ఎలుక మాత్రం ఆరోగ్యంగా తిరుగుతుంది. సూక్ష్మజీవి దాని మూత్రపిండాల్లో కాపురం పెట్టి నెలల తరబడి మూత్రంలో బయటికొస్తుంది. ఎలుకే కాదు, ముంగిస, అడవి పంది వంటి జంతువుల నెత్తురు తీసి చూసినా ఈ సూక్ష్మజీవి తగిలిన గుర్తులు చాలా దేశాల్లో బయటపడ్డాయి. నెత్తుట్లో గుర్తు వుందంటే ఎప్పుడో ఒకప్పుడు సోకిందని అర్థం. ఇవాళ కూడా వదులుతోందా లేదా అన్నది మూత్రమో, మూత్రపిండమో పరీక్షిస్తేనే తెలుస్తుంది. జర్మనీలో 2007లో స్ట్రాబెర్రీ పండ్లు కోసే కూలీలకు పొలం ఎలుకల వల్లే ఈ జ్వరం వచ్చింది. కాబట్టి ఇది వరి రైతు ఒక్కడి జబ్బేం కాదు. కాకపోతే తడి నేలలో ఈ సూక్ష్మజీవి వారాల తరబడి బతుకుతుంది, ఎండలో ఆరితే చస్తుంది. మన మడి దానికి అన్ని విధాలా అనుకూలం.

దమ్ము, నాట్లు, కలుపుతీత రోజుల్లో పొద్దస్తమానం నీళ్లలో నానిన కాళ్లు వేళ్ల సందుల్లో ఒరిసిపోతాయి. అదే దానికి దారి. కళ్లలోకి నీళ్లు చిమ్మినా, మురుగు కాలువలో ముఖం కడిగినా అంతే. బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవారికీ, కుండతో పొగ ఊది బొరియలు తవ్వేవారికీ ముప్పు మరీ ఎక్కువ. వట్టి చేతులతో ఎలుకను పట్టుకోవద్దు.

జ్వరాన్ని గుర్తించడం

నీళ్లలో దిగిన 5 నుంచి 14 రోజుల్లో హఠాత్తుగా చలిజ్వరం, విపరీతమైన తలనొప్పి వస్తాయి. కాలి పిక్కలు ముట్టుకోనివ్వవు. కళ్లు ఎర్రబడతాయి. కొందరికి ఇంతటితో తగ్గుతుంది. ముదిరితే కళ్లు పచ్చబడి, మూత్రం తగ్గి, దగ్గితే రక్తం పడుతుంది.

ఇక్కడే మనవాళ్లు పొరపాటు పడుతున్నారు. కళ్లు పచ్చబడగానే కామెర్లని పసరు పోయించుకుంటూ నాలుగు రోజులు గడిపేస్తారు. ఈలోగా మూత్రపిండాలు దెబ్బతింటాయి. దుకాణంలో నొప్పి మాత్రలు కొని మింగడం ఇంకా చేటు, అవి మూత్రపిండాలను మరింత పాడుచేస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్లగానే “మడిలో పనిచేశాను, కాళ్లకు పుండ్లున్నాయి” అని మీరే చెప్పండి. ఆ ఒక్క మాట డాక్టరుకు దారి చూపుతుంది. మొదటి వారంలో రక్తపరీక్షలో తేలకపోవచ్చు. అందుకని అనుమానం వుంటే ఫలితం కోసం ఆగకుండానే మందు మొదలుపెడతారు. డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ వంటి మామూలు మందులకే ఇది లొంగుతుంది, తొందరగా వెళితే. కేరళలో 2018 వరదల్లో సహాయం చేసేవారికి ముందుజాగ్రత్తగా వారానికోసారి డాక్సీసైక్లిన్ ఇచ్చారు. సొంతంగా మింగకండి. గర్భిణులకూ, చిన్నపిల్లలకూ అది పనికిరాదు.

గేదెలు, ఆవులు ఈసుకుపోయినా, పాలు ఒక్కసారిగా తగ్గినా, మూత్రం ఎర్రగా వచ్చినా పశువైద్యుడికి చూపించండి. ఇది కూడా ఒక కారణం కావచ్చు. ఈసుకుపోయిన పిండాన్నీ మాయనూ వట్టి చేతులతో తీయకండి.

రబ్బరు బూట్లు వేసుకోమని కరపత్రాల్లో రాస్తారు. మోకాటి లోతు దమ్ములో బూట్లతో నాట్లు వేయడం రాసినవాళ్లకు సాధ్యమేమో, మనకు కాదు. గట్లు చెక్కేటప్పుడు, కాలువ పూడిక తీసేటప్పుడు వేసుకోవచ్చు. నాట్లకైతే పుండ్లున్నవారిని ఆ నాలుగు రోజులు ఒడ్డు మీద పనికి పెట్టండి. తప్పనిసరైతే నీరు చొరని పట్టీ వేయాలి. గట్టెక్కగానే మంచినీళ్లతో, సబ్బుతో కడిగి వేళ్ల సందులు పొడిగా తుడవాలి. పొలంలో తాగే నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి.

ఎలుకలు తగ్గితే జబ్బూ తగ్గుతుంది. ఒక్కరు మందు పెడితే పక్క పొలం ఎలుకలు వచ్చి చేరతాయి, ఊరంతా ఒకే రోజున పెట్టాలి. పైరు చిరుపొట్టకు రాకముందే సాయంత్రం బొరియలన్నీ మూసి, మర్నాడు తెరుచుకున్నవాటిలోనే ఎర వేయాలి. 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల బ్రోమోడయోలోన్ 0.25 శాతం మందు కలిపి, 10–15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి బొరియ లోపలికి నెట్టాలి. కలిపేటప్పుడు చేతులకు తొడుగులు వుండాలి, కోళ్లు, పిల్లలు దగ్గరికి రాకూడదు. గట్లు సన్నగా వుంచితే బొరియలు తక్కువ పడతాయి. చచ్చిన ఎలుకలను మాత్రం కాలువలో విసరకండి, పారతో ఎత్తి లోతుగా పాతిపెట్టండి.